ఈమాన్‌కు ఉర్దూ పరీక్ష పెట్టొద్దు

"ఉర్దూ రాదా? మరి మీరెట్ల ముసల్మాన్లయితరు?"

ఈ మాట వినకుండా మా ఇంట్లో ఎవరూ పెరిగి పెద్దవాళ్లు కాలేదు. అడిగేవాళ్లు రెండు రకాలు. హిందువులు అడిగితే అందులో చెడు ఏమీ ఉండదు. వాళ్లకు తెలిసిన సాయిబులంతా ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లే. సినిమాల్లో కనిపించే సాయిబు కూడా అంతే. అందుకని అడుగుతారు, చెప్తే అర్థం చేసుకుంటారు. కానీ ఇదే మాట మసీదు మెట్ల మీదనో, పెళ్లి సంబంధం కోసం కూర్చున్న చాప మీదనో మనవాళ్లనుకున్నవాళ్ల నోటి నుంచి వస్తే దాన్ని ప్రశ్న అనుకోలేం. అది తీర్పు. మీ ఈమాన్, అంటే నమ్మకం, సగమే అని చెప్పే తీర్పు.

మేం దూదేకులవాళ్లం. మాది నల్గొండ జిల్లా దేవరకొండ వైపు. సర్టిఫికెట్లలో నూర్‌బాషా అనీ, లద్దాఫ్ అనీ, పింజారీ అనీ రకరకాలుగా రాస్తారు, మనుషులం మాత్రం ఒక్కటే. నాయిన పరుపులు కుట్టేవాడు. అంతకుముందు తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. ఇంట్లో తెలుగే. దువాకు చేతులెత్తితే తెలుగులోనే అడుగుతాం, జ్వరం వస్తే తెలుగులోనే మూలుగుతాం. రోజాలుంటాం, నమాజు చదువుతాం, రంజాన్ దానం ఫిత్రా ఇస్తాం. ఒకసారి మా ఊరి మసీదులో ఒక పెద్దమనిషి నాయినను పదిమందిలో "ఆధా ముసల్మాన్", అంటే సగం ముసల్మాన్, అన్నాడు. నాయిన ఎదురు చెప్పలేదు. ఆయన తరఫున నేను ఇప్పుడు చెప్పదలుచుకున్నాను. ఆ ఒక్క పెద్దమనిషికి కాదు, ఉర్దూనూ నమ్మకాన్నీ ఒకే ముడిలో వేసి కూర్చున్న అందరికీ.

ముందు ఈమాన్ అంటే ఏమిటో చూద్దాం. ఇది నేను సొంతంగా చెప్పేది కాదు. ప్రవక్త మాటల సంకలనం సహీ ముస్లింలో ఈమాన్ అధ్యాయం మొదట్లోనే వచ్చే హదీసు, అంటే ఆయన గురించిన కథనం. తెల్లటి బట్టలు, నల్లటి జుట్టు, ప్రయాణం చేసి వచ్చిన గుర్తే లేని ఒక మనిషి ప్రవక్త ముందు మోకాళ్లకు మోకాళ్లు ఆనించి కూర్చుని అడుగుతాడు: ఇస్లాం అంటే ఏమిటి? ఈమాన్ అంటే ఏమిటి? ఇస్లాంకు జవాబుగా ప్రవక్త చేసే పనులు చెప్తారు. సాక్ష్యం పలకడం, నమాజు, జకాత్, రోజా, స్తోమత ఉంటే హజ్. ఈమాన్‌కు జవాబుగా మనసులో ఉండాల్సినవి చెప్తారు. అల్లాహ్‌ను, ఆయన దూతలను, గ్రంథాలను, ప్రవక్తలను, అంతిమ దినాన్ని, మంచీచెడూ రెండింటి విధినీ నమ్మడం. ఆ వచ్చినవాడు దైవదూత జిబ్రయీల్ అని, మీకు మీ ధర్మం నేర్పడానికే వచ్చాడని ప్రవక్త తర్వాత చెప్తారు. అందులో ఉన్నవి ఇవే. వీటిలో భాష ఎక్కడుంది?

ఖురాన్ ఇంకా సూటిగా ఉంటుంది. ఎడారి పల్లెల అరబ్బులు వచ్చి "మేం విశ్వసించాం" అంటారు. 49వ సూరాలో, అంటే అధ్యాయంలో, వాళ్లకు వచ్చిన జవాబు ఇది: విశ్వసించామని అనకండి, లొంగిపోయామని అనండి, విశ్వాసం మీ గుండెల్లోకి ఇంకా దిగలేదు. వాళ్లు అరబ్బులు, ఖురాన్ దిగింది వాళ్ల భాషలోనే. ఆ భాష నోట్లో ఉన్నంత మాత్రాన వాళ్లకు ఈమాన్ వచ్చినట్టు లెక్కేయలేదు. అరబీకే దొరకని మినహాయింపు ఉర్దూకు ఎట్లా దొరుకుతుంది?

మక్తబ్‌లో, అంటే మసీదు బడిలో, చదివిన ప్రతి పిల్లవాడికీ "ఆమంతు బిల్లాహి" (అల్లాహ్‌ను నమ్మాను) అనే పాఠం కంఠతా వచ్చు. నేను కూడా అట్లాగే నేర్చుకున్నాను. ఆ చిన్న ముక్కలోనే ఉంటుంది, నాలుకతో ఒప్పుకోవాలి, గుండెతో నిజమని తెలుసుకోవాలి అని. నాలుక పని మాకు బాగానే నేర్పారు. ఎక్కడ దీర్ఘం తీయాలో, ఎక్కడ గొంతు లోపలి నుంచి పలకాలో బెత్తం పట్టుకుని మరీ నేర్పారు. గుండె పని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అది కావాలంటే పిల్లవాడికి తెలిసిన భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. మా మౌల్వీసాబ్ అర్థం చెప్పేది ఉర్దూలో. అరబీ తెలియని మాకు ఉర్దూలో అర్థం చెప్తే మేం మోయాల్సిన భాషలు రెండయ్యాయి, అంతే.

నాయినకు వయసు పైబడ్డాక ఖురాన్ తెలుగు అనువాదం ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆయనకు చత్వారం, నేనే చదివేవాణ్ణి. ఆయన నమాజులో రోజూ చదివే చిన్న సూరాల నుంచి మొదలుపెట్టాం. 107వ సూరా మావూన్. ఏడే ఏడు ఆయతులు, అంటే వాక్యాలు. ధర్మాన్ని కాదనేవాణ్ణి చూశావా? అనాథను గెంటేసేవాడు వాడే. పేదవాడికి అన్నం పెట్టమని ఎవరికీ చెప్పనివాడు. నమాజు చదివీ దాని మీద ధ్యాస లేనివాళ్లకు, నలుగురూ చూడాలని చేసేవాళ్లకు, చిన్న చిన్న వాడుక వస్తువులు కూడా ఇరుగుపొరుగుకు ఇవ్వనివాళ్లకు వినాశం. ఆ వస్తువులేమిటని అడిగితే పాత వ్యాఖ్యాతలు కుండ, చేద, గొడ్డలి అని చెప్పారు. నాయిన చేతిలో తస్బీ జపమాల ఆగిపోయింది. "నేను గిన్నేండ్ల సంది చదువుతున్నది ఇదేనారా?" అన్నాడు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. ఆ తర్వాత ఆయన ఆ సూరా చదివే వేగం తగ్గింది. ప్రతి ఆయత్ దగ్గర ఆగేవాడు. పరుపుల సూదీ పెద్ద కత్తెరా ఎవరడిగినా ఇచ్చే మనిషే ఆయన. కానీ అది ఈమాన్‌లో భాగమని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పలేదు.

నమాజును తెలుగులోకి మార్చమని నేను అనడం లేదు. నేను తెలుగు అనగానే కొందరు అక్కడికే దూకుతారు కాబట్టి ముందే చెప్తున్నాను. నమాజు అరబీలోనే ఉండాలి. నల్గొండ కూలీకి, ఇండోనేషియా జాలరికి, నైజీరియా వ్యాపారికి ఒకే వరుసలో నిలబడే వీలు దానివల్లే ఉంది. అయితే మనం పాటించే హనఫీ ధర్మశాస్త్ర మార్గానికి మూలపురుషుడు ఇమాం అబూ హనీఫా ఈ విషయంలో ఎంత దూరం ఆలోచించాడో ఒకసారి చూడండి. ఆయన 8వ శతాబ్దపు ఇరాక్‌లోని కూఫా మనిషి, పారసీ మూలాలున్న కుటుంబంలో పుట్టినవాడు. నమాజులో ఖురాన్ భావాన్ని పారసీలో చదివినా చెల్లుతుందని ఆయన మొదట అన్నారనీ, అరబీ పలకలేనివాళ్లకు మాత్రమే చెల్లుతుందని శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ అన్నారనీ, తర్వాత ఆయన కూడా ఆ మాటకే వచ్చారనీ హనఫీ గ్రంథాల్లో చర్చ ఉంది. ఇప్పుడు మనం అంత దూరం పోనక్కర్లేదు. కానీ నమాజులోనే ఇంత చర్చకు చోటు ఇచ్చిన మార్గంలో ఉండి, నమాజుకు ముందు ఇచ్చే బయాన్ అనే ప్రసంగం తెలుగులో ఇవ్వడానికి ఇంత టెన్షన్ ఎందుకు పడుతున్నాం?

శుక్రవారం చూడండి. ఖుత్బా అనే లాంఛన ప్రసంగం అరబీలో. దానికి ముందు బయాన్ ఉర్దూలో. అది కూడా ఇక్కడి ఉర్దూ ఇళ్లల్లో మాట్లాడే దక్కనీ యాస కాదు, దేవ్‌బంద్‌లోనో లక్నోలోనో రాసే పుస్తకాల ఉర్దూ. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలే ఇంగ్లీషు మీడియంలో చదివి సగం మాటలు పట్టుకోలేకపోతున్నారు. పల్లెల్లోని దూదేకులవాళ్లు, కొత్తగా ధర్మంలోకి వచ్చినవాళ్లు గోడకు ఆనుకుని కూర్చుని ఎప్పుడైపోతుందా అని చూస్తుంటారు. కేరళలో ఎన్నో మసీదుల్లో ప్రసంగం మలయాళంలో ఉంటుంది. తమిళ ముస్లింలకు 17వ శతాబ్దంలోనే ఉమరుప్పులవర్ ప్రవక్త జీవితాన్ని తమిళ కావ్యంగా రాసి ఇచ్చాడు. వాళ్ల ఈమాన్‌ను ఎవరూ తక్కెడలో వేసి తూచడం లేదు. మన దగ్గరే ఈ తూకం.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. మా వైపు ఊళ్లలో వాళ్లు మసీదుకు పోరు. ఆ ఉర్దూ బయాన్ కూడా వాళ్ల చెవిన పడదు. మా అమ్మకు ధర్మం గురించి తెలిసిందంతా మా నాయనమ్మ తెలుగులో చెప్పిన కథలే. యూసుఫ్‌ను అన్నలు బావిలో పడేయడం, మూసాను తల్లి పెట్టెలో పెట్టి నదిలో వదలడం, కర్బలాలో నీళ్లు లేక పిల్లలు అల్లాడడం. ఈమాన్ మా ఇంటికి వచ్చిన దారి అదే. ఆ దారిని తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను.

మన పాలమూరు, నల్గొండ పల్లెల్లో కర్బలా కథను తెలుగులో పాడింది మేమొక్కళ్లమే కూడా కాదు. పీర్ల పండుగకు అలావా నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ హసన్ హుసేన్ల మీద పాటలు కట్టి పాడినవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉన్నారు. జాన్‌పహాడ్ దర్గాలో సైదులు ఉర్సు జాతరకు వచ్చేవాళ్లలో ఎంతమంది హిందువులో అందరికీ తెలుసు. ఆ మొక్కుతోనే నల్గొండ వైపు ఇంటికొకరికి సైదులు, సైదమ్మ అని పేరు. దర్గాల మొక్కుబడుల మీద మతపండితులైన ఆలింల మధ్య ఉన్న వాదంలోకి నేను ఇక్కడ పోను. 680లో ఇరాక్ ఎడారిలో జరిగిన ప్రవక్త మనవడు హుసేన్ మరణాన్ని ఈ నేల తెలుగులో ఏడ్చింది, అర్థం చేసుకుంది. ఇస్లాం సంగతులు మోయడానికి తెలుగుకు బలం చాలదనేవాళ్లకు ఇంతకంటే ఏం చూపించాలి? ఖురాన్‌ను మొదట తెలుగులోకి తెచ్చినవాళ్లలో ఒకరు చిలుకూరి నారాయణరావు గారు. ఆయన ముస్లిం కాదు, భాషా పండితుడు.

ఇక ఉర్దూ. నాకు ఉర్దూ మీద కోపం ఉందనుకునేవాళ్లు ఉంటారు. లేదు. నేను పెద్దయ్యాక ఇష్టంతో నేర్చుకున్న భాష అది. అందుకే దాన్ని మసీదు గోడకు మేకు కొట్టి వేలాడదీయడం చూస్తే బాధగా ఉంటుంది.

ఉర్దూ అసలు మన దక్కన్‌లో ఎట్లా పెరిగిందో గుర్తు చేసుకోండి. పండితుల భాష అప్పుడు అరబీ, దర్బారు భాష పారసీ. సూఫీ గురువు ఖ్వాజా బందేనవాజ్ గుల్బర్గాకు వచ్చి 1422లో కన్నుమూశారు. నారాయణపేట, మక్తల్ వాళ్లకు గుల్బర్గా అంటే పక్క ఊరే. ఆ తర్వాతి తరాల బీజాపూర్ సూఫీలు ఆడవాళ్ల కోసం దక్కనీలో విసుర్రాయి పాటలు రాశారు. చక్కీనామాలంటారు వాటిని. జొన్నలు విసురుతూ, రాయి తిరిగే లయలో అల్లాహ్ పేరు తలుచుకునే పాటలు. రాట్నం వడికేవాళ్లకు చర్ఖానామాలు. పారసీ రాని ఆడమనిషికి ఈమాన్ ఎట్లా చేరుతుందని ఆలోచించి ఆమె వంటింటి భాషలోకి దిగి వచ్చారు. ఉత్తరాదిలో షా వలీయుల్లా ఖురాన్‌ను పారసీలోకి తెస్తే, ఆయన కొడుకులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ 18వ శతాబ్దం చివరికి ఉర్దూలోకి తెచ్చారు. అప్పటికి ఉర్దూ మతభాష కాదు, జనం భాష. జనం భాష కాబట్టే దాన్ని ఎంచుకున్నారు. ఆనాడు ఉర్దూకు పట్టిన న్యాయమే ఈనాడు మా ఊరి తెలుగుకు పట్టాలి. ఆ పెద్దల దారిలో నడవడమంటే వాళ్లు వాడిన భాషను పట్టుకుని వేలాడడం కాదు, వాళ్లు చేసిన పని చేయడం.

ఉర్దూ ఒక్క ముస్లింల భాషగా ఈ నేల మీద ఎన్నడూ లేదు. 1880ల్లో నిజాం సర్కారు పారసీని తీసి ఉర్దూను రాజభాష చేసింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టి సైన్సు, చట్టం, వైద్యం అన్నీ ఉర్దూలో చెప్పారు. తెలుగు పిల్లలకు తెలుగు బడి లేకుండా పోయిన అన్యాయం కూడా ఆ రోజుల్లోనే ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ చదువు చదివినవాళ్లలో రెడ్లు, బ్రాహ్మణులు, కరణాలు అందరూ ఉన్నారు. హైదరాబాద్ స్టేట్ ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు మన పాలమూరు గడ్డవాడు, ఉర్దూ పారసీల్లో పండితుడు. 1922లో నల్గొండ నుంచి నీలగిరి పత్రిక నడిపిన వెంకటరామ నరసింహారావు గారి ఇంటిపేరే షబ్నవీసు అనే పారసీ మాట. ఇప్పటికీ నల్గొండ జిల్లాలో పాత భూమి తగాదా వస్తే నిజాం కాలం భూమి రికార్డు సేత్వార్ నకలు పట్టుకుని ఉర్దూ చదవగలిగే ముసలాయన కోసం వెతికేది ఎక్కువగా హిందూ రైతులే. వాళ్ల తాతల పేర్లు, వాళ్ల సర్వే నంబర్లు ఆ లిపిలో ఉన్నాయి.

పోరాటం రోజుల్లో కూడా అంతే. నిజాం పక్షాన నిలబడ్డ రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ పత్రిక ఉర్దూ పత్రిక. మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి, కమ్యూనిస్టు. ఆయనను శాసనసభకు పంపింది హుజూర్‌నగర్ రైతులు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద కృష్ణ చందర్ నవల రాసింది ఉర్దూలోనే. విసునూరు భూస్వామి దేశ్‌ముఖ్‌ను కోర్టులో ఎదిరించి 1940లో ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ మాత్రం అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో మామూలు రైతు. ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడేవారని ఎవరూ అడగలేదు. ఆయన కోసం ఏడ్చినవాళ్లకు అది అవసరం పడలేదు.

1948లో భారత సైన్యం హైదరాబాద్‌ను కలుపుకున్న పోలీస్ యాక్షన్ తర్వాత లెక్క మారిపోయింది. ఉర్దూ అంటే రజాకార్ల భాష అని ఒక వైపు ముద్ర వేశారు. ఆ దెబ్బకు భయపడ్డ ముస్లింలు, మాకు మిగిలింది ఇదొక్కటే అని ఉర్దూను దీన్‌తో, అంటే ధర్మంతో, పాటు గుండెకు హత్తుకున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ ఫలితం చూడండి. ఉర్దూ ముస్లింలదే అని హిందువులు వదిలేశారు. ఉర్దూ ఉంటేనే ముస్లిం అని ముస్లింలు మమ్మల్ని దూరం పెట్టారు. ఈ రెండు పనుల వల్ల ఉర్దూకు మనుషులు తగ్గారే తప్ప పెరగలేదు. 2017లో ఉర్దూను తెలంగాణ రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు, సంతోషమే. బోర్డుల మీద లిపి కనిపిస్తుంది. ఆ బోర్డు చదివే పిల్లలు ఏరి?

మతం పేరుతో ఉర్దూను నెత్తిన రుద్దితే ఏమవుతుందో మన పక్కనే ఒక దేశం చూసింది. 1948లో ఢాకాకు పోయి జిన్నా, పాకిస్తాన్ రాజభాష ఉర్దూ ఒక్కటే అన్నాడు. వినేవాళ్లు బెంగాలీ మాట్లాడే ముస్లింలు. నమాజులో, రోజాలో ఎవరికీ తీసిపోనివాళ్లు. 1952 ఫిబ్రవరి 21న తమ భాష కోసం రోడ్డెక్కిన విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. 1971కి ఆ దేశమే రెండయింది. కాల్చినవాళ్లూ చచ్చిపోయినవాళ్లూ చదివిన కలిమా అనే సాక్ష్యవాక్యం ఒక్కటే. పాకిస్తాన్‌లోనే ఉర్దూ తల్లిభాషగా ఉన్నవాళ్లు పదో వంతు కూడా లేరు, మిగతావాళ్లు పంజాబీలు, సింధీలు, పష్తూన్లు వగైరా. వాళ్లందరి ఈమాన్ సగమేనా?

ఖురాన్ 14వ సూరాలో అల్లాహ్ అంటాడు, ఏ ప్రవక్తను పంపినా అతని జాతి భాషలోనే పంపామని, వాళ్లకు విడమరిచి చెప్పడం కోసమని. 30వ సూరాలో మీ భాషలు, మీ రంగులు వేరువేరుగా ఉండడం కూడా ఆయన నిదర్శనాల్లో ఒకటంటాడు. ఇంత స్పష్టంగా ఉన్నాక నా తెలుగును నా ఈమాన్‌కు లోటుగా చూపించేవాళ్లు ఏ పుస్తకంలో చూసి చెప్తున్నారో నాకు తెలియదు.

అర్థం కాకుండా నమ్మితే వచ్చే నష్టం మాటల వరకే ఆగదు. విధిని నమ్మడమనే ఆరో విషయాన్నే తీసుకోండి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయినవాళ్లను నేను చిన్నప్పటి నుంచి చూశాను. "నసీబు" అని ఊరుకున్న ఇళ్లు మతంతో పని లేకుండా అన్నింట్లో ఉన్నాయి. మా ఇళ్లలో దానికి ఈమాన్ పేరు కూడా పెట్టారు. కానీ ఒంటెను కట్టేయాలా, దేవుడి మీద భారం వేసి వదిలేయాలా అని ఒకాయన అడిగితే, ముందు కట్టేయి, తర్వాత భారం వేయి అని ప్రవక్త చెప్పిన హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. ఆ ఒక్క హదీసు ఆ ఊళ్ల మసీదుల్లో తెలుగులో చెప్పి ఉంటే, మంచినీళ్ల కోసం ధర్నాకు పోవడం కూడా తక్దీర్‌ను, అంటే విధిని, నమ్మడంలోకే వస్తుందని ఎంతమందికి తెలిసేదో. ఈమాన్‌కు 70కి పైగా శాఖలున్నాయని, దారిలో అడ్డం పడ్డదాన్ని తీసేయడం అందులో చివరిదని ఇంకో హదీసు. దారిలో ముల్లు తీయడమే ఈమాన్ అయినప్పుడు తాగే నీళ్లలో విషం తీయించడం ఏమవుతుంది?

మసీదు కమిటీలకు నా విన్నపం ఇది. ఖుత్బా అరబీలోనే ఉండనీయండి. దానికి ముందు బయాన్ కనీసం నెలలో రెండు శుక్రవారాలు తెలుగులో పెట్టండి. తెలుగు బాగా వచ్చిన ఆలింలు ఇప్పుడు మన జిల్లాల్లోనే ఉన్నారు, పిలిస్తే వస్తారు. మక్తబ్‌లో పిల్లలకు ఆమంతు బిల్లాహి నేర్పిన రోజే దాని అర్థం తెలుగులో చెప్పించండి, ప్రశ్నలడిగితే కసురుకోకండి. ఆడవాళ్ల కోసం వారానికొక పూట ఎవరింట్లోనైనా తెలుగులో కూర్చునే ఏర్పాటు చేయండి. పెళ్లి సంబంధాల దగ్గర పిల్లకు ఉర్దూ వచ్చా అని కాకుండా మీకు నిజంగా తెలుసుకోవాల్సింది ఏదుంటే అది అడగండి.

ఉర్దూను ప్రేమించేవాళ్లకు ఇంకొక విన్నపం. సాయంత్రం పూట ఉర్దూ అక్షరాలు నేర్పే క్లాసు పెట్టండి, కానీ మసీదులో కాదు. జిల్లా గ్రంథాలయంలో పెట్టండి, బడిలో పెట్టండి. ఏ ఇంటి పిల్లలు వచ్చినా కూర్చోబెట్టండి. మఖ్దూం కవిత్వం చదవాలనుకునే డిగ్రీ పిల్ల రావచ్చు, తాత పేరున్న సేత్వార్ చదువుకోవాలని రైతు కొడుకు రావచ్చు. దూదేకులవాళ్ల పిల్లలు కూడా వస్తారు. వాళ్లను మాత్రం, ఇంతకాలం ఎందుకు నేర్చుకోలేదని అడగకండి.